దుర్గం ఎక్కడానికి ఎంతసేపు పడుతుంది?

వాన వెలిసిన పొద్దుటిపూట మా మిద్దె మీద నిలబడి పడమటికి చూస్తే ఉదయగిరి దుర్గం నీలంగా కనిపిస్తుంది. మాది వింజమూరు దగ్గర పల్లె. ఇంటర్‌కి నెల్లూరు హాస్టల్లో చేరేదాకా ఆ కొండని చూస్తూనే పెరిగాను గానీ ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఎక్కాలని ఎప్పుడూ అనిపించలేదా అని మ్యూనిక్‌లో ఒక క్లాస్‌మేట్ అడిగితే చప్పున జవాబు దొరకలేదు. అనిపించకపోవడం కాదు, అది ఎక్కేదని తెలియకపోవడం. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, పడమట దుర్గం ఉంటుంది. అంతే.

తిరుమల మెట్లు పక్కన పెడితే (వాటి సంగతి తర్వాత, చాలా ఉంది) నా కాళ్లతో నేను మొదటిసారి ఎక్కిన కొండ జర్మనీలో ఉంది. పేరు హెర్ట్‌సోగ్‌ష్టాండ్. మా అమ్మకి ఇప్పటికీ నోరు తిరగదు, "ఆ హర్జు కొండ" అంటుంది. ఫోటోలు అప్పుడే స్టేటస్‌లో పెట్టేశాను కాబట్టి ఇప్పుడు ట్రిప్పు కబుర్లు చెప్పడానికి కూర్చోలేదు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు మా తమ్ముడితో, వాడి ఫ్రెండ్సుతో ఒక వాదన జరిగింది, అది తేలలేదు. వాళ్ల మాట ఏందంటే, "ఆళ్లకి డబ్బులుండాయి, చల్లటి గాలుంది, ఆల్ప్స్ ఉండాయి, ఎక్కతారు. మనకేముందక్కా, బండలు, ముళ్లకంప." నా మాట ఏందంటే, వాళ్లకి ఉండి మనకి లేనిది ఆల్ప్స్ కాదు. ఒక బోర్డు.

ముందు డబ్బుల సంగతి చెప్పాలి, ఎందుకంటే అందరూ మొదట అనేది అదే. 2023 అక్టోబరు నాటికి నేను జర్మనీ వచ్చి ఆరు నెలలు. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో 11,208 యూరోలు వేస్తే అందులోంచి నెలకి 934 చేతికి వదిలేవాళ్లు, అందులో సగానికి పైగా గది అద్దెకే పోయేది. ఆ 11,208 వెనకాల బ్యాంకులో మా నాన్న పెట్టిన పొలం కాయితాలు ఉన్నాయి. అప్పు చేసి వచ్చిన మన పిల్లలందరికీ ఒక జబ్బు ఉంటుంది, ఏది చూసినా తొంభైతో గుణించడం. కాఫీ మూడున్నర యూరోలు, అంటే మూడొందల పదిహేను రూపాయలు, వద్దులే. ఆ గుణకారంతోనే గది, యూనివర్సిటీ, సూపర్‌మార్కెట్‌లో అరలు సర్దే పని తప్ప ఆరు నెలలు ఇంకేమీ చూడలేదు. ఆదివారం అక్కడ షాపులు మూసేస్తారు, పనీ ఉండదు. బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోన్ చేయడం, కిటికీలోంచి బయటికి చూడడం.

ఆ వారం ఫోయెన్ అనే గాలి వీచింది. ఆల్ప్స్ దక్షిణం నుంచి కిందికి దిగే పొడిగాలి, వెచ్చగా ఉంటుంది, మ్యూనిక్‌లో తలనొప్పి వచ్చిన ప్రతివాళ్లూ దాన్నే తిడతారు. అది వీచిన రోజు గాలి ఎంత తేటగా ఉంటుందంటే దూరంగా ఉండాల్సిన కొండలు ఊరి చివరికి నడిచొచ్చి నిలబడ్డట్టు ఉంటాయి. మా ఫ్లాట్‌లో ఉండే ఒంగోలు అమ్మాయి అది చూసి, "రేపు కొండకి పోదాం రావే" అంది.

"దేనికి?"

"దేనికేంది, ఊరికే."

ఈ "ఊరికే" అన్న మాట దగ్గరే నా వాదనంతా ఉంది. ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మ అడిగింది కూడా అదే. "యాడికి పోతుండావు పాపా?" కొండకి మా. "ఏ దేవుడు?" దేవుడేం లేడు మా, ఊరికే. "ఊరికే కొండకి ఎవరు పోతారు?" పైన చిన్న మంటపం ఉందంట. "మంటపం ఉందంటే ఎవరో ఒకరు ఉండే ఉంటార్లే, దండం పెట్టుకో."

ఖర్చు ఎంత అయిందంటే, ఏమీ కాలేదు. ఆ ఏడాది మే నుంచి నెలకి 49 యూరోల పాసు పెట్టారు, దాని మీద దేశమంతా లోకల్ రైళ్లు, బస్సులు ఎక్కొచ్చు. క్లాసులకి పోవడానికి ఎట్లాగూ తీసుకున్న పాసే. సున్నాని తొంభైతో గుణించినా సున్నానే. తెల్లారి లేచి పులిహోర కలుపుకుని, నెల్లూరు ట్రంకు రోడ్డులో కొన్న బూట్లు వేసుకుని బయలుదేరాను (ఆ బూట్ల గురించి ఇంకేం చెప్పను, అడుగు నున్నగా ఉంటుందని మాత్రం గుర్తుపెట్టుకోండి). టుట్‌సింగ్‌లో రైలు మారి, కోఖెల్‌లో దిగి, అక్కడినించి బస్సులో కెసెల్‌బెర్గ్ అనే కనుమ దాకా. కింద ఒక చెరువు, దానికి రెండొందల మీటర్ల పైన ఇంకో చెరువు, పై నీళ్లని గొట్టాల్లో కిందికి వదిలి 1924 నుంచి కరెంటు తీస్తున్నారు. సోమశిల నీళ్ల లెక్కలు వింటూ పెరిగినదాన్ని కదా, కొండ కంటే ముందు ఆ గొట్టాలే చూస్తూ నిలబడ్డాను.

కనుమ ఎత్తు 858 మీటర్లు, శిఖరం 1,731. అంటే మేము ఎక్కాల్సింది 2,860 అడుగుల చిల్లర. ఈ అంకె గుర్తుపెట్టుకోండి.

దోవ మొదట్లో ఒక కొయ్య స్తంభం, దానికి పసుపుపచ్చ రేకు బోర్డు. ఒక వైపు కోసుగా చెక్కి ఉంది, బాణం లాగ. రెండు మేకులు, ఒకటి తుప్పు పట్టింది. కింది అంచున నాచు, మూలలో ఎవడో ఫుట్‌బాల్ టీము స్టిక్కర్ అంటించి పోయాడు. కొండ పేరు, దాని పక్కన రెండున్నర గంటలు అని రాసుంది, పేరు ముందర చిన్న గుండ్రం, రంగు వేసి. నీలం చుక్క అయితే తేలిక దోవ, ఎరుపు అయితే మధ్యరకం, నలుపు అయితే తెలిసినవాళ్లకే. నేను మొదట కిలోమీటర్ల కోసం వెతికాను. లేవు. ఒంగోలు అమ్మాయి నవ్వింది. "కొండ మీద కిలోమీటర్లతో ఏం పని? ఎప్పటికి చేరతావో తెలిస్తే చాలు కదా."

ఆ బోర్డు ముందు నేను కాస్త ఎక్కువసేపే నిలబడ్డాను. మన రోడ్ల మీద రాళ్లు ఊరు ఎంత దూరమో చెబుతాయి, అది బండికి పనికొచ్చే లెక్క. గంటలు మనిషికి పనికొచ్చే లెక్క. నువ్వెవరు, ఒక్కదానివే వచ్చావా, ఏ పని మీద వచ్చావు అని ఆ రేకుముక్క అడగలేదు. వస్తావు అని ముందే అనుకుని, ఇంతసేపు పడుతుంది అని చెప్పి ఊరుకుంది.

ఎక్కడం మామూలు ఎక్కడమే. వంపులు, ఆయాసం, బీచ్ చెట్ల ఎండుటాకులు, వాటి మీద జారే నా ట్రంకు రోడ్డు బూట్లు. డెబ్బై దాటిన ఒకావిడ రెండు కర్రలు పట్టుకుని మమ్మల్ని దాటి పోయింది, పోతూ "గ్రూస్ గాట్" అంది. మ్యూనిక్ రైల్లో ఎదురుగా కూర్చున్న మనిషి మన మొహం కూడా చూడడు, కొండ మీద మాత్రం ప్రతివాడూ పలకరిస్తాడు. వాళ్ల భాషలో కూడా మనకి మల్లే నువ్వు, మీరు అని రెండు ఉంటాయి, వెయ్యి మీటర్లు దాటితే మీరు పోయి నువ్వు వస్తుందని అంటారు. వింటుంటే అలిపిరి మెట్ల మీద ముక్కూమొహం తెలియనివాళ్లు "గోవిందా" అంటే మనం కూడా "గోవింద" అనేది గుర్తొచ్చింది.

పైన నిజంగానే మంటపం ఉంది. ఒక పక్క రెండు చెరువులు, ఇంకో పక్క మ్యూనిక్ దాకా బల్లపరుపు నేల. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రానికి ఒకప్పటి రాజు రెండో లుడ్విగ్ గుర్రం మీద ఈ కొండకి వచ్చేవాడట, మేము ఎక్కినది ఆ గుర్రాల దోవే. మాకు మూడు గంటల నలభై నిమిషాలు పట్టింది, బోర్డు లెక్క జర్మనోళ్ల కాళ్లది. పులిహోర తిన్నాం, ఫోటోలు దిగాం, ఎక్కువ దిగాం, కిందికి పోయే చివరి కేబుల్ కార్ వెళ్లిపోయింది. తప్పు మాదే, టైము రాసే ఉంది, చూసుకోలేదు.

అక్టోబరు చీకటి తొందరగా పడుతుంది. చెట్లలోకి దిగేసరికి ఫోన్ లైటు వెలుతురులో ముందర రెండు అడుగులు తప్ప కనపడలేదు. ఆల్ప్స్‌లో ఆపద వస్తే నిమిషానికి ఆరుసార్లు లైటు వేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ వేయాలని ఒంగోలు అమ్మాయి చెబుతుంటే నాకు ఏడుపొకటే తక్కువ. ఒక చోట దోవ రెండుగా చీలింది. ఎటు పోవాలో తెలియలేదు, ఫోన్ లైటు పైకెత్తితే పసుపుపచ్చ రేకు మెరిసింది. కెసెల్‌బెర్గ్, 45 నిమిషాలు. టెన్షన్ అక్కడ తగ్గిపోయింది. దోవ తెలిసినందుకు ఎంతో, ఇంకా ఎంతసేపు ఏడవాలో తెలిసినందుకూ అంతే. బస్టాపుకి చేరేసరికి బస్సుకి పదకొండు నిమిషాలు ఉంది.

ఇక తమ్ముడి మాట దగ్గరికి వస్తాను. డబ్బున్న దేశం కాబట్టి బోర్డులు ఉన్నాయి అంటాడు వాడు. నేను తర్వాత కొంచెం చదివాను. జర్మన్ ఆల్పైన్ క్లబ్ అని ఒకటి ఉంది, 1869లో మ్యూనిక్‌లో పుట్టింది, ఆల్ప్స్‌లో సుమారు 30,000 కిలోమీటర్ల కాలిబాటలు దాని చేతిలో ఉన్నాయి. వాటికి రంగు వేసేది, విరిగిన బోర్డు మార్చేది, పడిన చెట్టు కోసేది చాలావరకు జీతం లేని సభ్యులు, శనాదివారాల్లో. ఇంకోటి, రెండో ప్రపంచ యుద్ధంలో మ్యూనిక్ రాళ్లగుట్ట అయ్యాక, తినడానికి తిండి లేని 1946లో బవేరియా వాళ్లు ఒక రాజ్యాంగం రాసుకున్నారు. అందులో 141వ అధికరణం, అడవుల్లోకి, కొండ పచ్చికల్లోకి పోవడం, వాడుక మేరకు అడవి పళ్లు కోసుకోవడం ఎవరికైనా చెల్లుతుందని చెబుతుంది. అంటే మన కలేకాయలు కోసుకునే హక్కు రాజ్యాంగంలో రాసి పెట్టుకున్నారన్నమాట. డబ్బున్న రోజుల్లో రాసుకున్నది కాదది.

అట్లాగని వాళ్లేదో పుట్టుకతోనే ఉత్తములని చెప్పడం లేదు. ఇదే కొండల క్లబ్బు, అప్పట్లో జర్మనీ ఆస్ట్రియా రెండిటికీ ఉమ్మడిగా ఉండేది, 1924లో యూదులు ఎక్కువగా ఉన్న డోనౌలాండ్ శాఖని వెళ్లగొట్టింది, హిట్లర్ గద్దెనెక్కడానికి తొమ్మిదేళ్ల ముందే. కొండ మీది సత్రాల్లో యూదులకి చోటు లేదన్నారు. కాబట్టి కొండ ఎవరిదైనా అనే మాట మంచు లాగ ఆకాశం నుంచి రాలలేదు, చేసిన పాడుపనంతా చేసి, ఆ తర్వాత కాయితం మీద పెట్టుకున్నారు. మనమూ పెట్టుకోవచ్చు.

మనకి చేతకాదా అంటే, చేతవును. ఇప్పుడు తిరుమల సంగతి. అలిపిరి నుంచి 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు. పైన కప్పు, రాత్రి లైట్లు, తాగే నీళ్లు, మరుగుదొడ్లు, కూర్చోడానికి అరుగులు. నేను చూసిన ఏ ఆల్ప్స్ దోవకీ ఇన్ని సౌకర్యాలు లేవు. 2023 ఆగస్టులో ఆ దోవలో చిరుత దాడి చేసి ఒక చిన్నపాప చనిపోయింది. ఆ తర్వాత ఏం చేశారు? దోవ మూసేసి చేతులు దులుపుకోలేదు. చిన్నపిల్లల్ని మధ్యాహ్నం రెండు దాటితే పంపలేదు, నడిచేవాళ్లకి కర్రలిచ్చారు, చిరుతల కోసం బోన్లు పెట్టారు. అడవి జంతువులున్న కొండ మీద జనాన్ని ఎట్లా నడిపించాలో మనకి బాగా తెలుసు. దేవుడు ఉంటేనే తెలుసు, అదొక్కటే తిరకాసు.

దేవుడు లేని కొండకి పోతే మాత్రం ఏదో ఒక కారణం చూపించాలి. మేకలు కాయాలి, కట్టెలు కొట్టాలి. రెండూ కాదంటే ఇక మిగిలింది ఎర్రచందనమో గుప్తనిధులో. నేను నవ్వులాటకి అనడం లేదు. సంక్రాంతి తర్వాతి రోజుల్లో తమ్ముణ్ణి లాక్కుని ఉదయగిరి పోతే, కొండ కింద ఒక పెద్దాయన సైకిలాపి మా బ్యాగుల వైపు చూస్తూ, "తవ్వడానికేం కాదు కదా నాయనా?" అని అడిగాడు. ఊరికే చూడడానికి తాతా అంటే, అంతకంటే అనుమానంగా చూశాడు. తమ్ముడు లేకుండా నేనొక్కదాన్నే పోయుంటే ఆ ప్రశ్న కూడా ఉండేది కాదు, నేరుగా మా నాన్నకి ఫోను పోయేది.

అంతకుముందు వారం రోజులు నేను అందరినీ ఒకటే అడిగాను. దుర్గం ఎక్కడానికి ఎంతసేపు పడుతుంది? మా మామయ్య రిటైరైన హిస్టరీ లెక్చరర్, "రాయలవారికి పద్దెనిమిది నెలలు పట్టింది, నీకెంత పడుతుందో చూడు" అన్నాడు. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటని శ్రీకృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించి 1514లో పట్టుకున్నాడు, ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహం హంపీకి తీసుకుపోయాడు. అవన్నీ మామయ్యకి తారీఖులతో సహా తెలుసు, కొండ ఎన్ని గంటలో తెలియదు, ఆయన ఎక్కలేదు. టీ కొట్టాయన "పొద్దన్నే పోతే మధ్యాన్నానికి వస్తారు" అన్నాడు. దోవలో కనపడిన మేకలాయన, "ఎంతసేపా, ఇట్ట పోయి అట్ట రావడమే" అన్నాడు. ఆయనకి నిజంగా అంతే.

దుర్గం ఎత్తు 3,079 అడుగులు అంటారు, సముద్రమట్టం నుంచి. మ్యూనిక్ పక్కన నేను కనుమ నుంచి ఎక్కిన ఆ 2,860 అడుగుల కంటే ఇక్కడ కింద నుంచి ఎక్కేది తక్కువే అవుతుంది. అయినా మాకు ఇదే కష్టమైంది. రాతిమెట్లు ఉన్నంతసేపు బాగానే ఉంది, తర్వాత మెట్లు ముళ్లకంపలో కలిసిపోయాయి. మేకల దోవలు నాలుగు వైపులా పోతున్నాయి, ఏది పైకి పోతుందో మేకలకే ఎరుక. రెండుసార్లు తప్పిపోయి వెనక్కి దిగాం. పదకొండుకల్లా తెచ్చుకున్న నీళ్లు అయిపోయాయి, జనవరి కాబట్టి సరిపోయింది, మే నెల అయితే వడదెబ్బే. కోట గోడ దగ్గరికి చేరాక మాత్రం తమ్ముడు అరగంట నోరెత్తలేదు. ఒకదాని మీద ఒకటి పేర్చిన అంత లావు రాళ్లు, గోడ పగుల్లోంచి రావిమొక్క, పాడుబడిన మసీదు, కింద ఉదయగిరి ఊరంతా గచ్చు మీద పరిచిన చింతపండులా. మా ఊరి వైపు చూశాను. మిద్దె కనపడలేదు గానీ ఏ వైపు ఉందో తెలిసింది. ఇరవై ఆరేళ్లు ఇటు నుంచి చూసినదాన్ని అటు నుంచి చూడడం అదే మొదటిసారి.

దిగేటప్పుడు తమ్ముడు కొంచెం మెత్తబడ్డాడు, కానీ ఓడిపోలేదు. "సరే అక్కా, బోర్డు పెడతారు. పెడితే జనం వస్తారు. వస్తే వాటర్ బాటిళ్లు, బిరియాని ప్యాకెట్లు, గోడల మీద ప్రేమికుల పేర్లు. ఇప్పుడే బాగుంది." దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. వాడన్నదాంట్లో సగం నిజం ఉంది. జర్మనీలో కొండ మీద చెత్తకుండీ కనిపించదు, ఎవరి చెత్త వాళ్లే కిందికి మోసుకుపోవాలి, మనవాళ్లు మోస్తారా అంటే గట్టిగా చెప్పలేను. కానీ ఈ వాదన ఎప్పుడూ వచ్చేవాళ్లని ఆపడానికే వాడతారు, వచ్చేవాళ్లకి నేర్పడానికి వాడరు. ఇప్పుడు మాత్రం పేర్లు చెక్కేవాడు రాకుండా ఆగాడా? గోడ మీద నేనే రెండు గుండెకాయలు, మూడు బాణాలు లెక్కపెట్టాను. దోవ లేకపోతే ఆగిపోయేది ఆడపిల్లలు, ముసలివాళ్లు, పిల్లల్ని వెంటబెట్టుకొచ్చే అయ్యవార్లు.

ఇంకో ప్రమాదం ఏమిటంటే, కొండ గురించి ఎవరైనా నోరెత్తితే మన దగ్గర వెంటనే అభివృద్ధి అంటారు. అభివృద్ధి అంటే రోప్‌వే, గాజు వంతెన, సెల్ఫీ పాయింటు, టికెట్ కౌంటరు. నాకు అవేవీ వద్దు. పాత మెట్ల మీది ముళ్లకంప కొట్టాలి, చీలిన ప్రతిచోటా ఒక బోర్డు, సగం దోవలో ఒక నీళ్ల తొట్టి. కోట గోడ జోలికి ఎవరూ పోకూడదు. భైరవకోన, పెంచలకోన దాకా ఇట్లాంటివి ఎన్ని దోవలున్నాయో మేకలాయన్ని అడిగితే చెబుతాడు. ఆయన తలలో ఉన్నది రేకు మీదికి రావాలి, ఆయన కాళ్లతో కాదు, మన కాళ్లతో లెక్కగట్టి.

దిగాక టీ కొట్టు బల్ల మీద కూర్చుని, తమ్ముడి ఫోన్లో ఫోటోల టైములు చూసుకుంటూ ఒక నోటు పుస్తకం కాయితం మీద రాశాను. మెట్లు అయిపోయేదాకా 50 నిమిషాలు. అక్కడినించి ఎడమ పక్క దోవ, కుడి పక్కది పోవద్దు. కోట గోడ దాకా ఇంకో గంటన్నర. మనిషికి మూడు లీటర్ల నీళ్లు. తప్పిపోయిన టైము తీసేసి మొత్తం 2 గంటల 20 నిమిషాలు. కొట్టాయన అది చదివి, మాట్లాడకుండా, ఫోన్‌పే స్కానరు పక్కన అంటించాడు.

నేను మ్యూనిక్ తిరిగొచ్చిన రెండు నెలలకి తమ్ముడు ఒక ఫోటో పంపాడు. కాయితం టీ మరకలతో అక్కడే ఉంది. 2 గంటల 20 నిమిషాలు అన్నచోట ఎవరో పెన్నుతో కొట్టేసి, పక్కన 3 అని రాశారు. దాని కింద, ఇంకో చేతిరాతతో, "నాకు 4. మోకాళ్ల నొప్పి."